ఎంబీపీఎస్ బాగానే ఉంది, బొమ్మలే రావట్లేదు

స్టీమ్ క్లయింటులో పేజీలూ, బొమ్మలూ నెమ్మదిగా వస్తున్నాయని ఏ ఫ్రెండునైనా అడిగి చూడండి. ఐదు నిమిషాల్లో ఆరు మందులు చెప్తాడు. క్యాష్ తుడిచెయ్. డీఎన్ఎస్ మార్చెయ్. డౌన్‌లోడ్ రీజియన్ మార్చు. యాంటీవైరస్ ఆపు. రూటరు ఆపి మళ్ళీ వెయ్. ఏదీ కుదరకపోతే మొత్తం పీకేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్. జ్వరం ఎంతుందో చూడకుండానే మాత్రలు చుట్టిచ్చే మెడికల్ షాపు వైద్యం ఇది. ఈ మందులు చెప్పేవాళ్ళలో ఎక్కువమంది పగలంతా ఆఫీసులో ప్రొడక్షన్ సమస్యలు డీబగ్ చేసేవాళ్ళే. లాగ్ చూడకుండా సర్వరు రీస్టార్ట్ చేశానని జూనియర్ ఎవడైనా అంటే ఇంతెత్తున లేస్తారు. ఇంటికొచ్చి హెడ్‌సెట్ పెట్టుకునేసరికి ఆ చదువంతా ఏమౌతుందో తెలీదు మరి.

ఆటే కదా, బొమ్మలు పది సెకన్లు ఆలస్యంగా వస్తే కొంపలేం మునగవు అంటారా? నిజమే. నా అభ్యంతరం ఆ పది సెకన్ల గురించి కాదు. ఇలా అంచనాతో పెట్టే కంప్లైంటు వల్ల మా చర్లపల్లిలో ఒక కుర్రాడు కరెంటు స్తంభం ఎక్కాల్సి వస్తుంది. ఆ స్తంభం దాకా వెళ్ళాలంటే ముందు కొంచెం టెక్నికల్ సోది తప్పదు, ఓపిక పట్టండి.

స్టీమ్‌ని వాల్వ్ కంపెనీ 2003 సెప్టెంబరులో వదిలింది. పేరుకి గేమింగ్ క్లయింటే గానీ, దాని పొట్టలో ఒక బ్రౌజరు కూర్చుని ఉంటుంది. మొదట్లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇంజనుని వాడుకునేది, 2010లో వెబ్‌కిట్‌కి మారింది, ఆ తర్వాత క్రోమియంకి. 2024 జనవరి 1న విండోస్ 7, 8లకి మద్దతు ఆపేసినప్పుడు చెప్పిన ముఖ్య కారణం కూడా ఇదే: లోపలున్న క్రోమ్ ఆ పాత విండోస్‌ల మీద నడవదు. టాస్క్ మేనేజరు తెరిస్తే స్టీమ్‌వెబ్‌హెల్పర్ అనే పేరుతో కొన్ని ప్రాసెస్‌లు కనబడతాయి, ఆ బ్రౌజరు అదే. స్టోరు, కమ్యూనిటీ పేజీలు అందులోనే తెరుచుకుంటాయి. 2023లో ముఖమంతా మార్చాక దాదాపు మనం చూసేదంతా వెబ్ పేజీయే.

ఇక రెండో సగం, గేములు దింపే యంత్రం. దీనికీ ఆ బ్రౌజరుకీ చుట్టరికం తక్కువ. గేము ఫైళ్ళని సుమారు ఒక మెగాబైటు ముక్కలుగా కోసి, ఒకేసారి చాలా కనెక్షన్ల మీద, వాల్వ్ వాళ్ళు విడిగా పెట్టుకున్న కంటెంట్ సర్వర్ల నుంచి లాగుతుంది. ఒక కనెక్షను తడబడితే మిగతావి లాక్కొస్తాయి. బొమ్మల దారి వేరు. అవి అకమాయ్, ఫాస్ట్‌లీ లాంటి సీడీఎన్‌ల నుంచి వస్తాయి. ఒక్కోటి కొన్ని పదుల కిలోబైట్లు, పేజీకి డజన్ల కొద్దీ.

మా చర్లపల్లి వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇక్కడి గ్యాస్ ప్లాంటు నుంచి లారీలో వందల సిలిండర్లు ఒక్కసారిగా పోవడం ఒక పని. అవే సిలిండర్లని ఇంటింటికీ తీసుకెళ్ళి, బెల్లు కొట్టి, ఓటీపీ అడిగి, ఖాళీది తీసుకుని, నిండుది దించడం ఇంకో పని. రోడ్డు వెడల్పు చేస్తే లారీకి లాభం. బెల్లు కొట్టాక తలుపు తీసేదాకా పట్టే టైము మాత్రం తగ్గదు.

ఆ బెల్లూ ఓటీపీల లెక్క ఇంజనీరింగులో చదువుకున్నదే, ఒకసారి వేసి చూద్దాం. డీఎన్ఎస్ అడగడానికి ఒక రౌండు. టీసీపీ చేతులు కలపడానికి ఒక రౌండు. టీఎల్ఎస్‌కి కొత్త 1.3 ఐతే ఒకటి, పాత 1.2 ఐతే రెండు. బొమ్మ కావాలని అడిగాక సర్వరు మొదటి విడతలో పది ప్యాకెట్లు, అంటే సుమారు 14 కిలోబైట్లు పంపి ఆగుతుంది. అందాయని మనం చెప్పాక రెట్టింపు పంపుతుంది. 40 కిలోబైట్ల బొమ్మకి ఇక్కడ రెండు రౌండ్లు. వెరసి ఐదారు రౌండ్లు. హైదరాబాదు నుంచి ముంబై దాకా పోయొచ్చే రౌండు 20 మిల్లీసెకన్లైతే బొమ్మ 100–120 మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది, కంటికి తెలియదు కూడా. అదే అమెరికా దాకా పోయొచ్చే 250 మిల్లీసెకన్లైతే సెకనున్నర. ఈ లెక్క మొత్తంలో ఎంబీపీఎస్ అన్న మాట ఎక్కడైనా వచ్చిందా? రాలేదు. 40 కిలోబైట్లు తేవడానికి 100 ఎంబీపీఎస్ ఉన్నా 300 ఉన్నా ఒకటే.

ఇది నా సొంత జ్ఞానమేమీ కాదు. స్టువర్ట్ చెషైర్ 1996లోనే మొత్తుకున్నాడు, అసలు సమస్య లేటెన్సీరా బాబూ అని. 2010లో గూగుల్‌లో ఎస్‌పీడీవై మీద పనిచేసిన మైక్ బెల్షీ కొలిచి చూపించాడు. లైను 5 నుంచి 10 ఎంబీపీఎస్‌కి పెంచితే పేజీ లోడయ్యే టైము దాదాపు 5 శాతమే తగ్గింది. రౌండు టైము తగ్గించిన ప్రతిసారీ మాత్రం దానికి తగ్గట్టు తగ్గుతూనే పోయింది. పదిహేనేళ్ళు దాటింది. మన ఇళ్ళకి వచ్చే పాంప్లెట్ల మీద మాత్రం ఇప్పటికీ ఎంబీపీఎస్ ఒక్కటే.

ఈ లెక్క చేతిలో పెట్టుకుని ఆ ఆరు మందుల్నీ చూస్తే కొన్ని నవ్వొస్తాయి. డౌన్‌లోడ్ రీజియన్ మార్చడం అన్నది గేము ముక్కలు ఎక్కణ్ణుంచి రావాలో చెప్పే సెట్టింగు, స్టోరు బొమ్మల సీడీఎన్‌కి దానితో పని లేదు. క్యాష్ తుడిస్తే, ఆ క్యాషే పాడైన అరుదైన సందర్భంలో బాగుపడుతుంది. మిగతా సందర్భాల్లో కంప్యూటర్లో ఉన్న బొమ్మల్ని కూడా మళ్ళీ బయటి నుంచి తెచ్చుకోవాలి, అంటే రోగం పెరుగుతుంది. యాంటీవైరస్ ఆపడం గురించి మాట్లాడను. వెబ్ వ్యూలకి జీపీయూ వాడకం ఆపమనే సలహాలో మాత్రం కొంత నిజం ఉంది. బొమ్మ వచ్చేసి కూడా తెర మీద గియ్యడంలో తడబడుతుంటే అది పనిచేస్తుంది.

డీఎన్ఎస్ మార్చమనేది రెండు వైపులా పదునున్న కత్తి. అకమాయ్ లాంటి సీడీఎన్‌లు మనకి ఏ సర్వరు దగ్గరో నిర్ణయించేది చాలావరకు మన డీఎన్ఎస్ రిజాల్వరు ఎక్కడుందో చూసే. ప్రొవైడరు సొంత నెట్‌వర్కులోనే సీడీఎన్ పెట్టె ఉంటే, ప్రొవైడరు డీఎన్ఎస్ దాన్ని నేరుగా చూపిస్తుంది. గూగుల్ 8.8.8.8 ఐతే మనం ఏ నెట్‌వర్కులో ఉన్నామో కొంచెం సీడీఎన్‌కి చెప్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 ప్రైవసీ పేరుతో అది చెప్పదు. కాబట్టి 1.1.1.1 పెట్టుకున్నాక పక్కింట్లో ఉన్న సర్వరుని వదిలి ముంబైకో ఇంకెక్కడికో పోయే అవకాశం కూడా ఉంది. ప్రొవైడరు డీఎన్ఎస్ చెత్తగా ఉంటే మారిస్తే బాగుపడే అవకాశమూ ఉంది. రెండిట్లో ఏదో తెలియాలంటే ఎన్ఎస్‌లుకప్ కొట్టి, వచ్చిన అడ్రసుకి పింగ్ కొట్టి చూడాలి. అర నిమిషం పని. ఎవరూ చెయ్యరు.

అన్నట్టు బఫర్‌బ్లోట్ సంగతి కూడా ఒక ముక్క. ఒక పక్క అరవై జీబీల గేము ఫుల్ స్పీడులో దింపుతూ, ఇంకో పక్క స్టోరు పేజీ నెమ్మదిగా ఉందని తిట్టుకునేవాళ్ళు చాలామంది. రూటరు క్యూ నిండా గేము ముక్కలే ఉంటే బొమ్మ వాటి వెనకే నిలబడాలి కదండీ. జిమ్ గెటిస్ 2010 చివర్లో దీని గురించి రాస్తూ ఈ పేరు ప్రచారంలోకి తెచ్చాడు. స్టీమ్‌లోనే డౌన్‌లోడ్ స్పీడుకి హద్దు పెట్టే సెట్టింగు ఉంది. లైను స్పీడులో ఎనభై శాతానికి పెట్టి చూడండి, సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి.

ఇప్పుడు చర్లపల్లికి వద్దాం.

2025 ఆగస్టు 17 రాత్రి, మాకు దగ్గర్లోనే, ఉప్పల్ పక్కన రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత టీజీఎస్పీడీసీఎల్ నగరమంతా కరెంటు స్తంభాల మీద వేలాడే కేబుళ్ళని తీసేయడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా ఎన్నో ఇళ్ళలో నెట్ పోయింది. కంపెనీలు గోల చేశాయి, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. ఉప్పల్, నాచారం, కుషాయిగూడ వైపు నడిచినవాళ్ళెవరికైనా ఆ స్తంభాలు తెలుసు. ఎప్పుడో కనెక్షను మానేసినవాళ్ళ తీగలు, చనిపోయిన కేబుల్ టీవీ తీగలు, వాటి మీద కొత్త ఫైబరు, చుట్టలు చుట్టలుగా. దేశంలో మొదటితరం కంప్యూటర్లు తయారుచేసిన ఈసీఐఎల్ పుట్టింది ఈ పక్కనే, 1967లో. అలాంటి చోట ఇంటర్నెట్టు వచ్చే దారి మాత్రం పిచ్చుకగూడులా ఉంటుంది. వాటిని తియ్యడం తప్పనను. ప్రాణం కంటే నా స్టాండప్ కాల్ ఎక్కువేం కాదు. ఆ రోజుల్లో నేను ఫోను హాట్‌స్పాటుతోనే పని గడిపాను.

మా వీధిలోనూ కేబుళ్ళు తెగాయి. కొన్ని రోజులకి మా ప్రొవైడరు (పేరు అనవసరం లెండి) కొత్త ఫైబరు లాగి, అపార్ట్‌మెంటులో అందరికీ కొత్త పెట్టెలు బిగించాడు. స్పీడు చూస్తే మునుపటి కంటే మెరుగు. కానీ ఆ రోజు నుంచే స్టీమ్ స్టోరు పేజీలో అక్షరాలు టక్కున రావడం, బొమ్మల చోట బూడిదరంగు డబ్బాలు పది పన్నెండు సెకన్లు అలాగే ఉండిపోవడం. మా అపార్ట్‌మెంటులో ఆడేవాళ్ళు ముగ్గురున్నాం. కిందింటి అంకుల్‌కి స్టీమ్ అంటే తెలియదు గానీ, ఆయనకి ఏదో బ్యాంకు సైటు ఇలాగే తిరుగుతూ ఉండేదిట. వాట్సాప్ గ్రూపులో ఏకగ్రీవంగా తేలిందేమిటంటే స్తంభం మీద జాయింటు సరిగ్గా వెయ్యలేదు, లైనులో లోపం. సెప్టెంబరు 6న ఎర్రసముద్రంలో సముద్రగర్భ కేబుళ్ళు తెగాయని వార్త వచ్చాక ఇంకో వర్గం తయారైంది. తెగడం నిజమే, జెడ్డా దగ్గర. ఇండియాలో కూడా కొన్ని సేవలు నెమ్మదించాయి, మైక్రోసాఫ్ట్ తన అజూర్ వాడేవాళ్ళకి ఆలస్యాలుంటాయని చెప్పింది కూడా. కానీ ట్రేస్‌రూట్ కొడితే మా బొమ్మలు హైదరాబాదు, ముంబై మధ్యలోంచే వస్తున్నాయి. ఎర్రసముద్రానికి వాటికి ఏ సంబంధమూ లేదు :)

నేను చేసిందల్లా ఒక్కో సగాన్ని కొట్టేసుకుంటూ పోవడమే. అదే పేజీని మామూలు బ్రౌజర్లో తెరిచా. అక్కడా అంతే నెమ్మది. అంటే స్టీమ్ క్లయింటు దోషం కాదు, క్యాష్ తుడవక్కర్లేదు. అదే లాప్‌టాపుని ఫోను హాట్‌స్పాటుకి కలిపా. బొమ్మలు వెంటనే వచ్చాయి. అంటే కంప్యూటరు దోషం కాదు, విండోస్ మళ్ళీ వెయ్యక్కర్లేదు. ఇంటి లైను మీద పది నిమిషాలు పింగ్ పెట్టా. ఒక్క ప్యాకెట్టు పోలేదు, 19, 20 మిల్లీసెకన్లు. ఫైబరు జాయింటు చెడితే ఇలా ఉండదు, ప్యాకెట్లు రాలిపోతాయి. కాబట్టి స్తంభమూ నిర్దోషే. వైఫై కాకుండా తీగతో కలిపి చూశా, తేడా లేదు. చివరికి నెట్‌వర్క్ అడాప్టర్ సెట్టింగుల్లో ఐపీవీ6 టిక్కు తీసేశా. పేజీ మొత్తం ఒక్క సెకనులో వచ్చేసింది.

టిక్కు తీసేసి అక్కడితో ఆపేవాళ్ళున్నారు, అది కూడా మెడికల్ షాపు వైద్యమే. మళ్ళీ టిక్కు పెట్టి వైర్‌షార్క్ తెరిచా. బొమ్మల సర్వరుతో ఐపీవీ6 మీద చేతులు కలుస్తున్నాయి, నేను హలో చెప్తున్నాను, అవతలి నుంచి నిశ్శబ్దం. కొన్ని సెకన్ల తర్వాత చిన్న ప్యాకెట్లలో జవాబు మొదలౌతోంది. నెట్‌వర్కుల్లో పనిచేసినవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. ఎంటీయూ.

మిగతావాళ్ళ కోసం. మన ఇంట్లో ఒక్కో ప్యాకెట్టు 1500 బైట్ల దాకా ఉండొచ్చు. మా ప్రొవైడరు వాడే పీపీపీఓఈలో దాని మీద 8 బైట్ల తొడుగు ఉంటుంది కాబట్టి 1492 మాత్రమే పడుతుంది. ఐపీవీ4లో మా కొత్త పెట్టె ఈ సంగతి తెలిసి, కనెక్షను మొదట్లోనే అవతలి సర్వరుతో కొంచెం చిన్నవే పంపు అని ఎమ్ఎస్ఎస్ తగ్గించి చెప్తోంది. ఐపీవీ6లో ఆ మాట చెప్పడం మర్చిపోయింది. సర్వరు 1500 బైట్లవి పంపుతుంది, ప్రొవైడరు గేటు దగ్గర అవి పట్టవు. ఐపీవీ6లో దారిలోని రూటర్లు ప్యాకెట్టుని ముక్కలు చెయ్యకూడదు. పట్టలేదు, చిన్నది పంపు అని సర్వరుకి ఒక ఐసీఎమ్‌పీ సందేశం వెనక్కి వెళ్ళాలి. సెక్యూరిటీ పేరుతో ఎవరో ఆ సందేశాల్ని దారిలో ఆపేశారు. ఇక సర్వరు పంపుతూనే ఉంటుంది, గేటు పారేస్తూనే ఉంటుంది. కొన్నిసార్లు విఫలమయ్యాక సర్వరే అనుమానం వచ్చి ప్యాకెట్టు సైజు తగ్గిస్తుంది. ఆ అనుమానం రావడానికి పట్టే టైమే మా బూడిదరంగు డబ్బాలన్నమాట.

మరి క్రోమియం తెలివిగా ఐపీవీ4కి మారొచ్చు కదా అంటారా? మారుతుంది, చేతులు కలవకపోతే. ఇక్కడ చేతులు కలిశాయి, ఎందుకంటే ఆ ప్యాకెట్లు చిన్నవి. అది కూడా మోసపోయింది. యూట్యూబు మాత్రం బ్రహ్మాండంగా ఆడేది, ఎందుకంటే గూగుల్ క్విక్ ప్యాకెట్లు ముందే 1350 బైట్ల లోపు ఉంటాయి, గేటులో పట్టేస్తాయి. గేము డౌన్‌లోడు మా దగ్గర ఐపీవీ4 మీద నడుస్తోంది. స్పీడ్ టెస్టు కూడా ఐపీవీ4 మీదే, అదీ ఊళ్ళోనే ఉన్న సర్వరుతో. అంటే యూట్యూబు చూసుకోండి, స్పీడు చూసుకోండి అని కస్టమర్ కేర్ వాళ్ళు చెప్పే పరీక్షలన్నీ ఆరోగ్యంగా ఉన్న దారిలోనే నడుస్తాయి. జబ్బు రెండో దారిలో ఉంది.

మీకు ఇదే అనుమానముంటే విండోస్‌లో పింగ్‌కి మైనస్ ఎఫ్, మైనస్ ఎల్ 1464 ఇచ్చి బయటి అడ్రసుకి కొట్టండి. 1464కి హెడర్ల 28 కలిపితే 1492. అది పోయి 1472 పోకపోతే మీదీ పీపీపీఓఈ లైనే. అంతవరకు మామూలే, రోగం కాదు. తర్వాత ఐపీవీ6 టిక్కుతో ఒకసారి, లేకుండా ఒకసారి అదే పేజీ తెరవండి. తేడా కనబడితే రోగం దొరికినట్టే.

ఇదంతా చక్కగా రాసి, వైర్‌షార్క్ ఫైలు జతచేసి, ప్రొవైడరుకి మెయిలు పెట్టాను. లైను బాగుంది, మనిషిని పంపొద్దు, పెట్టె కాన్ఫిగరేషను చూసే టీముకి ఇవ్వండి అని మొదటి వాక్యంలోనే రాశాను. జవాబుగా టికెట్ నంబరు వచ్చింది. మర్నాడు పొద్దున్నే నిచ్చెనతో కుర్రాడొచ్చాడు. వాళ్ళ యాప్‌లో నెమ్మదిగా ఉంది అన్న ఫిర్యాదుకి ఒకటే దారి, లైన్‌మన్.

ఇరవై రెండేళ్ళుంటాయేమో. పెట్టె దగ్గర మీటరు పెట్టి చూశాడు. "అన్నా, పవరు మంచిగనే ఉన్నది. మైనస్ 21. గింతకన్న మంచిగ ఎవ్వల ఇంట్ల లేదు."

"నేనూ అదే అంటున్నా తమ్ముడూ. లైను ముట్టుకోకు. ప్రాబ్లం అక్కడ లేదు."

"కంప్లైంటు క్లోజ్ గావాలంటే పైన జాయింటు ఫోటో పెట్టాలె అన్నా. లేకపోతే యాప్ తీస్కోదు. మీ బిల్డింగుదే ఇది మూడోసారి."

మూడోసారి! ముందు రెండు గ్రూపులో వాళ్ళు పెట్టినవి. అంటే ఒక పెట్టెలో ఒక అంకె లేకపోవడం వల్ల ఈ అబ్బాయి మూడుసార్లు కరెంటు తీగల పక్కన నిచ్చెన వెయ్యాలి. ఒంటి మీద చొక్కా, కాళ్ళకి చెప్పులు, చేతికి గ్లవుజులు లేవు, హెల్మెట్టు లేదు. రామంతాపూర్ సంగతి అడిగితే, "మస్తు భయమైతది అన్నా, ఏం జేస్తం" అన్నాడు. పైకి ఎక్కొద్దని, ముందు రెండుసార్లు తీసిన ఫోటోల్లో ఒకటి పెట్టమని చెప్పాను. కాసేపు ఆలోచించి, సరేనని అదే పెట్టాడు. వెళ్తూ వెళ్తూ అతనే ఉపకారం చేశాడు. "నెట్‌వర్క్ టీముల ఒకన్న ఉన్నడు, ఆయనకి ఫోన్ చేసి ఇస్త, నువ్వే చెప్పు" అని. రెండు వాక్యాలు చెప్పేసరికి అవతలాయన, "ఓహ్, వీ6లో క్లాంపింగ్ పెట్టలేదా" అని తనే అందుకున్నాడు. ఐదు నిమిషాల్లో ఆయన కూర్చున్న చోట నుంచే సరైపోయింది.

అందుకే ఈ కోపమంతా. సమస్య పరిష్కరించగల మనిషి సంస్థలోనే ఉన్నాడు. అతని దగ్గరికి కంప్లైంటు వెళ్ళే దారి లేదు. ఉన్న ఒక్క దారీ స్తంభం మీదకి వెళ్తుంది. ఎందుకంటే కొలిచేది ఒక్క ఎంబీపీఎస్సే. అది బాగుంటే కస్టమర్ అబద్ధం చెప్తున్నట్టు, బాగోకపోతే లైను చెడినట్టు. మూడో సంగతి ఒకటుండొచ్చని ఆ యాప్ రాసినవాళ్ళకి తట్టలేదు. ఆ యాప్ రాసింది ఎవరంటారు? మాదాపూర్లోనో, పోచారంలోనో కూర్చునే మనలాంటి వాళ్ళే. డ్రాప్‌డౌన్‌లో "కొన్ని సైట్లు మాత్రమే రావట్లేదు" అని ఇంకో వరస పెట్టి, ఆ టికెట్టుని వేరే క్యూకి పంపడానికి ఎన్ని స్టోరీ పాయింట్లౌతాయి?

ప్రభుత్వం వైపు చూస్తే, బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏమిటో చెప్పే నిర్వచనమంతా కూడా స్పీడు చుట్టూనే తిరిగింది. 2004 విధానంలో 256 కేబీపీఎస్, తర్వాత 512, 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్. ట్రాయ్ 2024లో తెచ్చి, ఆ అక్టోబరు 1 నుంచి అమలుపెట్టిన నాణ్యతా నిబంధనల్లో లేటెన్సీ, ప్యాకెట్లు రాలిపోవడం లాంటి కొలతలున్నాయి, సంతోషం. కానీ కనెక్షను తీసుకునేటప్పుడు వాటి గురించి అడిగేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మా ఆఫీసులో ఎస్ఎల్ఏ అంటూ పీ99 లేటెన్సీ గురించి గంటసేపు కొట్టుకునేవాళ్ళు, ఇంటి కనెక్షను దగ్గరికొచ్చేసరికి 300 ఎంబీపీఎస్, ఓటీటీ ఫ్రీ అంటే సంతకం పెట్టేస్తారు. మనం అడగనిది వాళ్ళు ఎందుకు కొలుస్తారు?

భూమిలో డక్టులు వేసి ఫైబరు లాగాలి, అందరూ అదే వాడుకోవాలి అనేది పాత మాట. 2025 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన కేంద్రం రైట్ ఆఫ్ వే నిబంధనల్లో ఉమ్మడి డక్టుల ప్రస్తావన కూడా ఉంది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవరు పని 2018లో మొదలైనప్పటి నుంచీ ఆ రోడ్డు ఎన్నిసార్లు తవ్వారో మాకు తెలుసు. తవ్వినప్పుడల్లా ఒక గొట్టం వేసుంటే ఈపాటికి ఉప్పల్ మొత్తం అయిపోయేది. డక్టులు వచ్చేదాకా స్తంభాలు ఉంటాయి, స్తంభాలు ఉన్నన్నాళ్ళూ వాటిని ఎక్కేవాళ్ళు ఉంటారు. కనీసం అనవసరంగా ఎక్కించకుండా ఉండడం మన చేతిలో పని. కంప్లైంటులో "స్లోగా ఉంది" అని రాసే బదులు ఏ సైటు, తీగ మీదా వైఫై మీదా, హాట్‌స్పాటులో వస్తోందా లేదా, పింగ్ ఎంత, ఐపీవీ6 తీస్తే ఏమైంది, ఈ ఐదు రాస్తే చాలు. చదివేవాడు లేకపోయినా రాయండి, నిచ్చెనతో వచ్చిన కుర్రాడికైనా చూపించొచ్చు.

మా అపార్ట్‌మెంటులో మిగతా ఇళ్ళ పెట్టెలకి కూడా ఆ నెట్‌వర్క్ ఆయన అదే రోజు సెట్టింగు పెట్టేశాడు. కిందింటి అంకుల్ బ్యాంకు సైటు తెరుచుకుంది. సాయంత్రం నా ఫోనుకి మెసేజి వచ్చింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. కారణం: స్తంభం వద్ద లైను లోపం."